మానభంగశబ్ద విమర్శనము

బలాత్కారమునకు లోనైన స్త్రీనిగూర్చి చెప్పునపుడు 'మానభంగము' అను శబ్దమును వాడుట చిరకాలముగా నున్నది. నేఁటికిని లోకము దీనిని విడువలేదు. మానముయొక్క భంగము మానభంగమని షష్ఠీతత్పురుషము. శబ్దము సాధువే, అర్థమే విచార్యము. ఈ సమాసమునఁ గర్తయగు ఘాతుకుఁడు కానరాఁడు. పోయిన మానము స్త్రీది యనుట మాత్రము స్ఫురించును. 'చెఱచు' అనునదియు మేలు గాదు. అది చెడు ధాతువునకుఁ బ్రేరణరూపమగుటచేఁ జెడినది యా స్త్రీయే యను భావమును గలిగించును. 'అత్యాచార' శబ్దమన్ననో, ఆచారము నతిక్రమించుట యను నర్థముచే దోషమును జేసినవానియందే నిలుపుచున్నది. కావున నిదియే గ్రాహ్యము.

ప్రాచీనకవి మార్గమును నిట్టిదే. తిక్కన విరాటపర్వమున, కీచకుని బారినుండి తప్పించుకొని సభకుఁ బరువెత్తిన ద్రౌపది యచ్చటను వానిచేఁ దన్నువడి, నిండుకొలువున మొఱపెట్టినది. విరాటుఁడు వానిని దండింపఁజాలఁడయ్యెను. అయినను గవి దోషము నామెపై మోపలేదు.

ఇది శబ్దచర్చ మాత్రమే యని కొంద ఱాక్షేపింపవచ్చును. అట్లు గాదు. అత్యాచారమువలన హెచ్.ఐ.వి. సోఁకు ప్రమాదము గలదు. దానిని నివారించు నౌషధములను వీలైనంత త్వరగా, ఎంత యాలస్యమైనను 72 గంటలలోపల, మొదలిడి 28 దినములు సేవింపవలెను. మానము పోయెనని సిగ్గుపడి దాఁచుకొన్న స్త్రీకి నా మూఁడు దినములును మౌనముననే గడచిపోవును. 2021 అంచనాలయందు వయోజనులలో హెచ్.ఐ.వి. గలవారు దేశమున 0.21 శాతము కాఁగా నాంధ్రప్రదేశమున 0.67 శాతము. గుంటూరు, ప్రకాశము జిల్లాలలోఁ బ్రత్తితీఁతలకును, మిరపకోఁతలకును బరస్థలములనుండి వచ్చి చేల గట్లకడ గుడిసెలలో నుండు కూలిస్త్రీకి నీ మౌనము మఱింత దుర్భరము. బంధువులు దూరస్థులు, వైద్యశాల పట్టణమున నుండును, పోయిన దినమునకుఁ గూలి లేదు.

శాసనములు శబ్దముకంటె ముందున్నవి. 2013 నాఁటి సవరణయు, 2024 జూలై 1 నుండి యమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితయు, ప్రభుత్వ, ప్రైవేటు వైద్యశాల లన్నియు నిట్టివారికిఁ దత్క్షణము నుచితచికిత్స చేయవలెనని విధించినవి. పోలీసు ఫిర్యాదు లేదని చికిత్స మానరాదని 2014 నాఁటి కేంద్రారోగ్యశాఖ మార్గదర్శకములు పలికినవి. 2018 సెప్టెంబరు 10 నుండి యమలైన హెచ్.ఐ.వి. చట్టము ప్రకారము సమ్మతి లేని పరీక్షయు, ఫలితమును వెల్లడించుటయు సామాన్యముగా నిషిద్ధములు.

'బాధితురాలు' అను పదముగూర్చియు నొకమాట. ఇందు క్తప్రత్యయము కర్మార్థకము; స్త్రీ యితరుని క్రియకుఁ గర్మముగానే నిలుచును. 'తేఱుకొన్నది' యన్నచో నామెయే కర్త్రి. ఆంగ్లమున నిట్టి రెండు పదములును దగినవేయనియు, ఆమె యొకదానిని గోరినచో దానినే వాడవలెననియు సర్వోన్నత న్యాయస్థానము 2023లో వెలువరించిన కరదీపిక తెలుపుచున్నది. తెలుఁగునకును నదియే న్యాయము.

బడులలో వ్యాసములు దిద్దు పండితులు 'మానభంగము'ను గొట్టివేసి 'అత్యాచారము' అని వ్రాయింపవలెను. ఆ పాఠముననే 72 గంటల గడువును బాలబాలికలకుఁ దెలుపవలెను.