భగీరథుడి తాతలు

ఆధార్ కార్డులో పేరు సరిచేయించుకోవడం భగీరథ ప్రయత్నమైపోయిందంటాం. బదిలీకీ, పండగ రోజుల్లో రైలు టికెట్టుకూ అదే మాట. తెలంగాణలో ఇంటింటికీ మంచినీళ్లిచ్చే పథకం 2016లో మిషన్ భగీరథగా మొదలైంది. గోదావరి జిల్లాలకు కాటన్ దొర అపర భగీరథుడు. కాలువకు కొబ్బరికాయ కొట్టిన ప్రతి నాయకుడూ ఫ్లెక్సీ మీద అపర భగీరథుడే. ఎక్కడ వాడినా ఆ మాటలో కనిపించేది ఒక్కడే, పట్టుబట్టి గెలిచినవాడు.

బాలకాండ చెప్పే కథ వేరు. యాగాశ్వాన్ని వెతుకుతూ భూమిని తవ్వుకుపోయిన సగరపుత్రులు అరవై వేల మంది కపిలుడి కోపానికి బూడిదయ్యారు. వాళ్ల సద్గతి కోసం గంగను దించే ఉపాయం తోచకుండానే సగరుడు పోయాడు. మనవడు అంశుమంతుడు తపస్సులోనే పోయాడు. అతని కొడుకు దిలీపుడిని ఆ దిగులే తినేసింది. ఆ తర్వాతివాడు భగీరథుడు. అతని చేతికొచ్చాక కూడా గంగ ఒకసారి శివుడి జటల్లో చిక్కింది, మరోసారి జహ్నువు కడుపులోకి పోయింది. నాకు ఈ కథలో ప్రాణమంతా ఆ ఓడిపోయిన తాతల దగ్గరే ఉంది. వాళ్లు అప్పగించి వెళ్లకపోతే భగీరథుడికి ఆ పనే లేదు.

చీడికాడ మండలంలో బొడ్డేరు మీద కోనాం జలాశయం ఉంది. ఇలాంటి జలాశయాల కింద సేద్యం చేసేవాళ్లకు, నీళ్ల పని ఒక తరంతో తీరదన్న సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కాలువ ఒకసారి తవ్వితే అయిపోదు. పూడిక చేరుతుంది, గట్టు కోసుకుపోతుంది, తుప్పలు మొలుస్తాయి. తండ్రి బాగుచేసిన చోటే కొడుకు మళ్లీ పార పట్టాలి. లేకపోతే చివరి మడి ఎండుతుంది.

ఉప్పరవాళ్లు తాము సగరులమని, భగీరథుడి వంశమని చెప్పుకుంటారు. చెరువులు, కాలువలు తవ్వే మట్టిపని వాళ్ల తాతలనాటి వృత్తి. ఆ పేరు మీద వాళ్లకున్నంత హక్కు ఫ్లెక్సీలో నవ్వుతున్న మనిషికి లేదని నా గట్టి నమ్మకం.

అందుకే నీళ్ల గురించి రాసేటప్పుడు ఆ మాటను ఒక్కరికే కట్టబెట్టను. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ప్రస్తావన వస్తే, కాటన్ పక్కన కూలీలను కూడగట్టిన వీణం వీరన్న పేరు కూడా రాస్తాను. ప్రారంభోత్సవం వార్తయితే, మట్టి మోసినవాళ్లకు కూలి డబ్బులు అందాయో లేదో ముందు కనుక్కుంటాను.