వర్ణబోధన: లక్ష్యము, లక్షణము

చిత్రకళ నేర్వవచ్చిన విద్యార్థికి మన ఉపాధ్యాయులు మొదట వర్ణచక్రమును చూపుదురు. ఎరుపునకు ఎదుట ఆకుపచ్చ, నీలమునకు ఎదుట నారింజ, పసుపునకు ఎదుట ఊదా అని అతడు వల్లె వేయును. పిమ్మట ఇంప్రెషనిస్టుల వంతు. శుద్ధవర్ణములను పక్కపక్కన ఉంచిన చాలునట, కన్నే వాటిని కలుపుకొనునట! మొదటి పాఠము వేళ కాని వేళ చెప్పినది. రెండవది సగమే సత్యము.

ఈ శాస్త్రము పుట్టిన విధమును చూడుడు. పారిస్ నగరమందలి గోబెలిన్ నేతశాలలో అద్దకపు శాఖకు షెవ్రెల్ అను రసాయనవేత్త 1824లో అధిపతి అయ్యెను. నల్లనూలు తగినంత నల్లగా లేదని అచట ఫిర్యాదు వచ్చెను. లోపము అద్దకమున లేదనియు, ప్రక్కనున్న నీలము, ఊదా పోగులే ఆ నలుపును వెలవెలబోవునట్లు చేయుచున్నవనియు ఆయన కనుగొనెను. ఇరుగుపొరుగులను బట్టి రంగు రూపు మారునని 1839లో వెలువడిన ఆయన గ్రంథము నిరూపించినది. ముందు కన్ను కలవరపడినది. సూత్రము తరువాత వచ్చినది. మన అలంకారశాస్త్రపు దారియు ఇదియే. లక్ష్యమును బట్టి లక్షణము ఏర్పడినది. లక్షణమును కంఠస్థము చేసి కావ్యరచనకు పూనుకొన్నవారి గతి మనకు తెలియనిది కాదు.

కావున పాఠము చిత్రముతోనే ఆరంభము కావలెను. మొనే 1872 నాటి 'ఇంప్రెషన్, సూర్యోదయము'ను తీసికొందము. లె హావ్ర్ రేవు, పొగమంచు, నీలిబూడిద ఆకాశమున చిన్న నారింజ సూర్యబింబము. అది మండుచున్నట్లు తోచును. ఆ చిత్రమునే నలుపు తెలుపులలోనికి మార్చి చూపినచో సూర్యుడు దాదాపు మాయమగును. వెలుతురు పాళ్లలో బింబమునకు, ఆకాశమునకు భేదము అత్యల్పము. ఆ మంట అంతయు వర్ణభేదమువలననే కలిగినది. కాంతి కావలెనన్న తెలుపు కలుపవలెనను నమ్మకము ఈ దృశ్యముతో సడలును. అప్పుడు వర్ణచక్రమును చూపుడు. విద్యార్థి దానిని తన ప్రశ్నకు సమాధానముగా అందుకొనును.

ఇక రెండవ పాఠము. నీలమును, పసుపును పలకపై కలిపిన ఆకుపచ్చ వచ్చును. సన్నని చుక్కలుగా పక్కపక్కన ఉంచి దూరమునుండి చూచిన బూడిదచాయ వైపు మొగ్గును. ఇంప్రెషనిస్టులును పలకపై రంగులను కలుపుకొనిరి, తెలుపును విరివిగా వాడిరి. చుక్కలను పద్ధతిగా దిద్దినవాడు సోరా. తనకంటె దాదాపు ముప్పది యేండ్లు చిన్నవాడైన ఆయన మార్గమును పిస్సారో 1886 ప్రాంతమున స్వీకరించి, కొన్ని సంవత్సరములు సాధన చేసి, అది తన అనుభూతికి సంకెల యగుచున్నదని విడిచెను.

ఆ పిస్సారోయే గొప్ప గురువు. పొంత్వాజ్‌లో సెజాన్ ఆయన సరసన కూర్చుండి చిత్రించెను. ఆయన చిత్రమునకు ప్రతియు వ్రాసెను. 1906 నాటి ప్రదర్శన పట్టికలో సైతము తాను పిస్సారో శిష్యుడనని చెప్పుకొనెను. అయినను సెజాన్ చిత్రములు పిస్సారో చిత్రములవలె ఉండవు. గురుత్వమునకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

శాస్త్రమే వలదని నా వాదము కాదు. చూచినదానికి పేరు తెలియనివాడు చేసిన తప్పునే మరల మరల చేయును. కాని నీడ నీలముగా నుండునని ముందే విన్న విద్యార్థి, మన ఎర్రమట్టి దారిపై మధ్యాహ్నపు నీడకును నీలమునే పూయును. ఆ నీడలోను నిలిచియుండు మట్టి ఎరుపును చూడనే చూడడు. అతని కన్నును మనమే తీసికొంటిమి.

రచయితలమగు మనకును ఈ విషయము పరాయిది కాదు. వాక్యమున ఒక మాట పేలవముగా తోచినంతనే నిఘంటువును వెదకుదుము. నేతశాలలో షెవ్రెల్ చేసినట్లు, ముందు దాని ప్రక్కనున్న మాటను పరీక్షించుట మంచిది.