బొమ్మ ఎక్కడ తడబడుతోంది?

టీవీకి తగిలించుకున్న కంప్యూటర్లో సినిమా తడబడుతుంటే మనవాళ్లు మొదట సెట్టింగులు కెలుకుతారు. అది పనిచేయకపోతే ప్లేయర్ మారుస్తారు. అప్పటికీ కుదరకపోతే ర్యామ్ కొంటారు. వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. పైసా ఖర్చు లేనిది కాబట్టేనేమో, దాని జోలికి ఎవరూ పోరు. ఆ తడబాటునే కాసేపు శ్రద్ధగా చూడటం.

బంధువర్గంలో ఒకడికి హోమ్ థియేటర్ పీసీ ఉందని తెలిస్తే చాలు, ఎవరింట్లో బొమ్మ ఆగినా ఫోన్ వాడికే. మావాళ్లలో వాడు నేనే. మా బాబాయి ఫోన్ ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది.

“ఏరా, సినిమా స్ట్రక్ అవుతోంది. కొత్త సిస్టమ్ కొనేయమంటావా?”

“కొందురుగాని బాబాయ్. ముందిది చెప్పండి. బొమ్మ ఆగినప్పుడు మాట కూడా ఆగుతోందా, మాట వినబడుతూనే బొమ్మ ఒక్కటే ఆగుతోందా?”

ఈ ప్రశ్నకు జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే. కన్ను ఒకటి రెండు ఫ్రేములు పోయినా సర్దుకుంటుంది గాని చెవి చిన్న తెంపును కూడా పట్టేస్తుంది. అందుకే చాలా ప్లేయర్లు ధ్వనిని గడియారంగా పెట్టుకుని దానికి తగ్గట్టు బొమ్మను నడుపుతాయి. ప్రాసెసర్‌కు ఊపిరాడకపోతే ఫ్రేములను వదిలేసి మాటను కాపాడతాయి. కాబట్టి మాట సాగుతూ బొమ్మే ఎగిరెగిరి వస్తుంటే లోపం ఫ్రేములను విప్పడంలోనో, తెరకు అందించడంలోనో ఉంది. రెండూ కలిసి ఆగిపోతే ప్లేయర్‌కు అసలు సరుకే రావడం లేదు. అప్పుడు వెతకాల్సింది డిస్కునీ, వైరునీ, వైఫైనీ.

సరుకు రాకపోవడంలో ఉన్న తిరకాసు, సగటు చూస్తే అంతా బాగానే కనిపించడం. 4కే బ్లూరే డిస్కు సెకనుకు 128 మెగాబిట్ల దాకా పంపేలా రూపొందింది. సినిమా అంతటా అంత అవసరం ఉండదు. వానలో పోరాటమో, గులాల్ చల్లుకునే పాటో వచ్చినప్పుడు మాత్రం ఒక్కసారిగా ఎగబాకుతుంది. నెట్‌వర్క్ 100 మెగాబిట్లదైతే మాటల సన్నివేశాలన్నీ హాయిగా దాటి, సరిగ్గా ఆ పాట దగ్గర చతికిలబడుతుంది. గిగాబిట్ వైర్లో నాలుగు జతల తీగలూ పనిచేయాలి. తలుపు సందులో నలిగి ఒక తీగ తెగిందా, లింకు చప్పుడు చేయకుండా 100కు దిగిపోవచ్చు. దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. వైఫై సంగతి ఇంకా తమాషా. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ దాదాపు ఒకే పౌనఃపున్యం మీద పనిచేస్తాయి. సరిగ్గా రాత్రి భోజనాల వేళకే సినిమా ఆగుతోందని ఎవరైనా చెబితే నేను కంప్యూటర్ గురించి అడగను, వంటింటి గురించి అడుగుతాను.

తేల్చుకునే ఉపాయం చిన్నదే. ఆ ఫైలునే కంప్యూటర్ లోపలి డిస్కులోకి కాపీ చేసి నడిపి చూడాలి. సాఫీగా నడిచిందా, తప్పు దారిలో ఉంది. ఇంకా తడబడుతోందా, తప్పు ఇంట్లోనే, అంటే కంప్యూటర్లోనే ఉంది.

ఇంట్లో ఉంటే మొదట అనుమానించాల్సింది ఫైలును ఏ కోడెక్‌తో కుదించారన్నది. 2003 నాటి హెచ్.264 కంటే 2013లో వచ్చిన హెచ్ఈవీసీ దాదాపు సగం బిట్లతో అదే నాణ్యత ఇస్తుంది. కాని విప్పడానికి లెక్కలు ఎక్కువ. ఆ లెక్కల కోసమే గ్రాఫిక్స్ చిప్‌లో ప్రత్యేకంగా ఒక సర్క్యూట్ ఉంటుంది. అది ఆ రకాన్ని ఎరిగినదైతే పని చిటికెలో అవుతుంది. ఎరగకపోతే భారమంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. ఇంటెల్ ఆరో తరం చిప్‌లు రంగు లోతు 8 బిట్లున్న హెచ్ఈవీసీని ఆ సర్క్యూట్ మీదే విప్పుతాయి. 10 బిట్లది అలా నడవాలంటే ఏడో తరం కావాలి. అందుకే ఒకే సైజు, ఒకే రిజల్యూషన్ ఉన్న రెండు ఫైళ్లలో ఒకటి గుర్రంలా పరిగెత్తి ఇంకొకటి కుంటుతుంది. విండోస్ టాస్క్ మేనేజర్లో జీపీయూ పేజీ తెరిస్తే వీడియో డీకోడ్ అని ఒక గ్రాఫ్ ఉంటుంది. సినిమా నడుస్తుండగా అది నేలకు అంటుకుని, ప్రాసెసర్ మాత్రం నూటికి దగ్గరగా కొట్టుకుంటోందంటే జవాబు దొరికినట్టే. కోడీ (Kodi) అనే ప్లేయర్లో అయితే కీబోర్డు మీద ‘O’ అక్షరం నొక్కితే చాలు, డీకోడర్ పేరు, అది హార్డ్‌వేర్‌దో కాదో తెర మీదే కనబడుతుంది. చాలాసార్లు సర్క్యూట్ ఉండి కూడా హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆఫ్‌లో ఉంటుంది.

వేడి కథ వేరు. మన సినిమాలు చాలావరకు రెండున్నర గంటల పొడవుంటాయి కాబట్టి అవే మంచి పరీక్ష. ఇంటర్వెల్ దాకా నిక్షేపంలా నడిచి, ఆ తర్వాత నత్తనడక పట్టిందంటే కోడెక్‌ని తిట్టి లాభం లేదు. కోడెక్ మొదటి నిమిషంలోనూ అదే, చివరి నిమిషంలోనూ అదే. మారింది వేడి. టీవీ అల్మరాలో తలుపులు మూసి, ఫ్యాన్‌కు దుమ్ము పట్టించి, మే నెలలో సినిమా పెడితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. తలుపు తీసి ఉంచి చూడండి.

అసలు ఒడుపు కావాల్సింది మూడో రకానికి. సరుకు అందుతోంది, డీకోడర్ ఖాళీగానే ఉంది, ఒక్క ఫ్రేమూ పోవడం లేదు. అయినా కెమెరా పక్కకు తిరిగినప్పుడల్లా బొమ్మ తొణుకుతుంది. ఇక్కడ యంత్రం చెడలేదు, లెక్క కుదరలేదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, తెర 60 సార్లు గీస్తుంది. 60ని 24 నిశ్శేషంగా భాగించదు. అందుకని ఒక ఫ్రేమును మూడుసార్లు, తర్వాతిదాన్ని రెండుసార్లు చూపిస్తారు. ఒకటి 50 మిల్లీసెకన్లు నిలుస్తుంది, ఇంకొకటి 33. ఆ కుంటి నడకే కంటికి తగిలేది.

దీనికి మన వార్తా చానెళ్ల స్క్రోలింగ్‌ని మించిన పరీక్ష నాకు దొరకలేదు. మన దేశం పాల్ (PAL) అనే టీవీ పద్ధతిని ఎంచుకుంది కాబట్టి టీవీ ప్రసారాలు 50 హెర్ట్జ్ వంశానివి. రికార్డు చేసిన బులెటిన్‌ను 60 హెర్ట్జ్ తెర మీద పెడితే ప్రతి ఐదు బొమ్మల్లో ఒకటి రెండుసార్లు కనబడాలి. అంటే సెకనుకు పది కుదుపులు. అడుగున పోయే అక్షరాలు జారకుండా గెంతుతుంటాయి. తెరను 50కి మార్చగానే, విడివిడిగా వచ్చే గీతలను కలిపి నిండు బొమ్మ చేసే డీఇంటర్‌లేసింగ్ సరిగ్గా ఉంటే, నూనె రాసినట్టు పోతాయి. పాత పెళ్లి వీడియోలకూ ఇదే వైద్యం. ఆ పాల్ వల్లే ఒకప్పుడు మన టీవీలో సినిమాలు సెకనుకు 25 ఫ్రేముల చొప్పున పరిగెత్తేవి. 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోయేది, పాట శ్రుతి అర స్వరం లోపు పైకి జరిగేది.

ఇంకా సన్నని లోపం ఒకటుంది. 1953లో అమెరికా రంగుల టీవీ ప్రమాణం తెచ్చినప్పుడు రంగు సంకేతం, ధ్వని సంకేతం ఒకదానితో ఒకటి పోట్లాడకుండా ఉండటానికి 30 ఫ్రేములను 29.97కు తగ్గించారు. ఆ కోత సినిమాకూ అంటుకుని, 24 కాస్తా 23.976 అయింది. విండోస్ జాబితాలో 23 అని, 24 అని రెండు కనిపించేది అందుకే. 23.976 ఫైలును నిండు 24 మీద నడిపితే దాదాపు 42 సెకన్లకోసారి ఒక ఫ్రేము రెండోసారి పడుతుంది. గడియారం చూసినట్టు వచ్చే ఆ కుదుపును ఏ ర్యామూ తీర్చదు. కోడీ ప్లేయర్ సెట్టింగుల్లో అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్ అని ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే ఫైలును బట్టి తెర వేగం మారుతుంది. మొదట్లో టీవీ రెండు క్షణాలు నల్లబడుతుంది, కంగారు పడక్కర్లేదు.

ఇవన్నీ కలిపి చూస్తే నాకు తోచేది ఒకటే. మనం వేగం కొంటున్నాం, సినిమా అడిగేది వేళ. ఒక్కో ఫ్రేముకు 42 మిల్లీసెకన్ల గడువు. ముందుగా వస్తే ఒరిగేదేం లేదు, ఆలస్యమైతే మాత్రం పోయినట్టే. పెళ్లిబంతిలో వంటశాల నిండా గంగాళాలున్నా, విస్తట్లో అన్నం పడ్డాక పప్పు రాకపోతే తినేవాడి చెయ్యి ఆగిపోతుంది. ఇంకో గంగాళం దింపినా ఆ చెయ్యి కదలదు. పప్పు ఎక్కడ ఆగిందో చూడాలి. చూసేటప్పుడు ఒకసారికి ఒకటే మార్చాలి, ఫలితం లేకపోతే మళ్లీ మొదటి స్థితికి తేవాలి. నాలుగు సెట్టింగులు ఒకేసారి మార్చి బాగుచేసినవాడికి ఏది బాగుచేసిందో తెలియదు. వచ్చే నెల అదే తడబాటు వస్తే మళ్లీ అ, ఆల దగ్గరే మొదలు.

కొన్ని తడబాట్లకు మందు లేదు, ఉండకూడదు కూడా. 24 ఫ్రేముల సినిమాలో కెమెరా వేగంగా తిరిగితే థియేటర్లో కూడా బొమ్మ కాస్త చెదురుతుంది. ఛాయాగ్రాహకులు అది ఎరిగే కెమెరాను నెమ్మదిగా తిప్పుతారు. ఓలెడ్ తెరలు బొమ్మను తటాలున మార్చేస్తాయి కాబట్టి ఆ చెదురు ఇంకా స్పష్టంగా కనబడుతుంది. దాన్ని పోగొడతామని టీవీలు లేని ఫ్రేములను కల్పించి మధ్యలో దూరుస్తాయి. క్రికెట్‌కు పరవాలేదేమో గాని, సినిమా మాత్రం సీరియల్‌లా తయారవుతుంది. ఆ సదుపాయాన్ని ఆపేయండని 2018లో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ వీడియో పెట్టి మరీ చెప్పారు. మరుసటి ఏడాది కొన్ని టీవీ కంపెనీలు దాన్ని ఆపేసే ఫిల్మ్‌మేకర్ మోడ్ ప్రకటించాయి. నా మాట కూడా అదే, సినిమాకు ఆ ఫ్రేముల కల్పనను తీసేయండి.

ఇదంతా విన్నాక బాబాయి మళ్లీ అడుగుతాడు, “అయితే కొత్తది కొనక్కర్లేదంటావ్?” ఒక్కోసారి కొనాల్సిందే. 2012 నాటి కంప్యూటర్ మీద 10 బిట్ల 4కే హెచ్ఈవీసీ నడపాలనుకుంటే సెట్టింగుల్లో ఎంత వెతికినా లేని సర్క్యూట్ పుట్టదు. ఆ మాట మొదటి ఫోన్‌లోనే చెప్పేస్తాను. కాకపోతే అప్పుడు బాబాయి కొట్టుకు వెళ్లి “మంచి స్పీడున్నది ఇవ్వండి” అనడు. “10 బిట్ల హెచ్ఈవీసీని చిప్ మీదే విప్పుతుందా?” అని అడుగుతాడు. కొట్టువాడు జవాబు వెతుక్కోవాలి.