కడుపునొప్పి ఎవరు చెప్పారు?

కర్నూలు, కడప జిల్లా పేజీలు చదివే వాళ్ళకి ఈ శీర్షిక కొత్తది కాదు: ‘కడుపునొప్పి తాళలేక వివాహిత ఆత్మహత్య’. వాక్యంగా దీనికి వంక పెట్టలేం. పొట్టిగా, తేటగా ఉంది. బూదరాజు రాధాకృష్ణ వంటివారు జర్నలిజం విద్యార్థులకి నేర్పిన సరళత ఇందులో ఉంది. నా పేచీ ఆ తేటదనంతోనే.

నొప్పి సంగతి ఎవరు చెప్పారు? చనిపోయిన మనిషి చెప్పలేదు. చాలాసార్లు భర్తో మామో ఫిర్యాదులో చెబుతారు. ఎస్సై అది విలేకరికి చెబుతాడు. డెస్కులో చోటు చాలక ‘భర్త చెప్పాడు’ అన్న ముక్క ఎగిరిపోతుంది. ఒకరి మాట అందరి నిజమై కూర్చుంటుంది. దీన్నే మనం నిష్పాక్షికత అంటున్నాం.

‘వివాహిత’ అన్న మాట చూడండి. ఆమె పేరుకన్నా ముందు పెళ్ళి వస్తుంది. ఆ పెళ్ళి ఎలా ఉందో మాత్రం వార్తలో రాదు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకుంటే పోస్ట్‌మార్టం జరగాలని 1983 సవరణతో చట్టం చెప్పింది. చట్టానికున్న పాటి అనుమానం వార్తకి లేదు.

అలాగని ‘భర్తే కారణం’ అని రాయమనడం లేదు. అదీ తెలియని సంగతే. నొప్పి నిజమే కావచ్చు. అయితే ఎన్నేళ్ళ నొప్పి? ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్ళారు? వేరుశనగ చేలో ఆ నొప్పితోనే కలుపు తీసిందా?

ఆ చేను ఆమెదే అయినా ‘రైతు ఆత్మహత్య’ అని రాయరు. పట్టా భర్త పేరనే ఉంటుంది మరి. 2004లో వచ్చిన జీవో 421 కింద పరిహారం అందాలంటే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయాధికారి ఉన్న కమిటీ ఆ చావుని రైతు చావుగా ఒప్పుకోవాల్సి ఉండేది. ‘రైతు’ అన్న ఒక్క మాట లేకపోతే పిల్లలకి రావలసింది రాదు.

దిద్దడం కష్టమేం కాదు: ‘కడుపునొప్పి వల్లే చనిపోయిందని భర్త పోలీసులకి చెప్పాడు. పుట్టింటివాళ్ళు ఇంకా మాట్లాడలేదు.’ ఐదు మాటలు పెరిగాయి. చదివేవాళ్ళకి ఎవరి మాట విన్నారో, ఎవరి మాట వినలేదో తెలిసింది.

ఆ పుట్టింటి గడప తొక్కే విలేకరి కూడా కావాలి. చిత్తూరు జిల్లాలో 2001లో మొదలైన ‘నవోదయం’ పత్రికకి పల్లె స్త్రీలే విలేకరులుగా పనిచేశారు. మన జిల్లా డెస్కుల్లో అలాంటివాళ్ళు ఎందరున్నారు? వాక్యాన్ని దిద్దేముందు అడగాల్సిన ప్రశ్న అది.