అమ్మిన పేరు, పెట్టిన పేరు

హైదరాబాద్‌లో విజయవాడ రోడ్డు మీద దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ మెట్రోలో మూడో స్టేషన్. రెండూ 20వ శతాబ్దంలో పుట్టిన పేర్లే. ఒకటి భూమి యజమానిది, మరొకటి ప్రధానమంత్రిది. ఈ రెండింటిలో ఆ నేల గురించి ఎక్కువ చెప్పేది ఏది?

మలక్‌పేట జాగీరులో పొలాలున్న దిల్‌సుఖ్ రాం పర్షాద్ వాటిని ప్లాట్లుగా కోసి అమ్మి, ఆ కాలనీకి తన పేరే పెట్టాడని చెబుతారు. అంటే ఈ పేరులో ఒక లావాదేవీ దాగి ఉంది: పొలం ఎవరిది, అది ఇళ్ల స్థలమెలా అయింది అన్నది అందులోనే తెలుస్తుంది. ఎల్బీనగర్ అలా కాదు. 1966 జనవరిలో తాష్కెంట్‌లో కన్నుమూసిన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి పేరు దేశంలో ఏ కాలనీకైనా అతుకుతుంది. అది కాలాన్ని చెబుతుంది, చోటును చెప్పదు.

పెరిగిన తీరులోనూ తేడా ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌ను పెంచింది బజారు. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, బట్టల దుకాణాలు, బస్సు డిపో కలిసి ఆ పేరును పక్క కాలనీల మీదికీ పాకించాయి. కానీ అక్కడి మున్సిపాలిటీ మాత్రం గడ్డిఅన్నారం పేరుతోనే నడిచింది. ఎల్బీనగర్‌ను పెంచింది ప్రభుత్వం: మున్సిపాలిటీ, 2007లో జీహెచ్‌ఎంసీలో కలిశాక జోన్, 2009 ఎన్నికల నాటికి అసెంబ్లీ నియోజకవర్గం, 2018లో మెట్రో ఆఖరి స్టేషన్. ఒకదాని హద్దు జనం నోట్లో ఉంది, రెండోదాని హద్దు గెజెట్‌లో ఉంది.

ఇదే దారి గోల్కొండ కాలంలో మచిలీపట్నం రేవుకు వెళ్లేది. ఆ రేవుపట్నాన్ని జనం బందరు అన్నారు, బందరంటే ఓడరేవే. అక్కడ పేరు పెట్టింది యజమానీ కాదు, నాయకుడి మీది అభిమానమూ కాదు, ఊరు చేసిన పని. 1611లో ఇంగ్లిష్ వాళ్లు వర్తక కోఠీ పెట్టినా, 1864 తుపాను ఊరిని ముంచెత్తినా, రేవు వైభవం తగ్గినా ఆ పేరు చెదరలేదు. ఇటు ఆ దారి బాటసారుల కోసం సరాయి, మసీదు వెలసిన హయత్‌నగర్‌కు కుతుబ్‌షాహీ రాణి హయత్ బక్షీ బేగం పేరు వచ్చింది. మూడు శతాబ్దాలకు పైగా వయసున్న ఆ ఊరు ఇప్పుడు ఎల్బీనగర్ నియోజకవర్గంలో ఒక భాగం.

ఈ కొలతతో చూస్తే దిల్‌సుఖ్‌నగర్ పేరుదే పైచేయి. శాస్త్రి గొప్పతనానికి దీంతో లోటేమీ లేదు. స్థానిక చరిత్రకు ఆధారంగా ఏది పనికొస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న. అయినా ఆ పైచేయి సగమే. అమ్మినవాడి పేరు మిగిలింది గానీ ఆ పొలాలు దున్నినవాళ్ల జాడ రెండు పేర్లలోనూ లేదు. ఆ జాడ కావాలంటే ఇక్కడి ఇంటి రిజిస్ట్రేషన్ కాగితం తీయాలి. బోర్డు మీద ఏ నగర్ అని ఉన్నా, సర్వే నంబరు పక్కన గడ్డిఅన్నారమో, కొత్తపేటో, ఏదో ఒక పాత ఊరు ఉంటుంది. ఈ ప్రాంతం చరిత్ర రాసేవాళ్లు మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచి.