ఎవరి యంత్రాలు వాళ్ళవే, పని అందరిదీ

2017 నవంబరు 9 తెల్లవారుజామున ఇటలీలోని బొలోనియాలో వీధి కింద పోయే పెద్ద మంచినీళ్ళ పైపు పగిలింది. నీళ్ళు పల్లం వెతుక్కుంటూ పోయి, నేలమాళిగలో ఉన్న సీఎన్ఏఎఫ్ అనే కంప్యూటర్ కేంద్రంలోకి చేరాయి. కరెంటు పోయింది, కేంద్రం మొత్తం ఆగిపోయింది. టేపులు దాచే అరల్లో కింది వరసలు నీళ్ళలో మునిగి, నూటికి పైగా టేపులు తడిశాయి. జెనీవా పక్కన భూగర్భంలో నడిచే లార్జ్ హాడ్రాన్ కొలైడర్ (ఎల్‌హెచ్‌సీ) సమాచారాన్ని దాచి, విశ్లేషించే ప్రధాన కేంద్రాల్లో ఇదొకటి. ప్రపంచం మొత్తం మీద అలాంటివి పదిహేను లోపే. బొలోనియా కేంద్రం మళ్ళీ పనిలోకి రావడానికి నెలలు పట్టింది. అయినా ఆ ఉదయం జెనీవాలో కొలైడర్‌ని ఎవరూ ఆపలేదు. బొలోనియా మోయాల్సిన బరువును మిగతా ఊళ్ళు మోశాయి.

అలా మోయగలిగేలా కట్టిన వ్యవస్థ పేరు వరల్డ్‌వైడ్ ఎల్‌హెచ్‌సీ కంప్యూటింగ్ గ్రిడ్. క్లుప్తంగా గ్రిడ్ అందాం. నలభైకి పైగా దేశాల్లో సుమారు 170 కేంద్రాలు ఇందులో ఉన్నాయి. రోజుకు 20 లక్షలకు పైగా పనులు దీని మీద నడుస్తాయి. 2012 జూలై 4న హిగ్స్ బోసాన్ అనే కణం దొరికిందన్న కబురు చెప్పిన రోజున, కొలైడర్‌ని నడిపే సెర్న్ సంస్థకు అప్పటి డైరెక్టర్ జనరల్ రోల్ఫ్ హోయర్, యాక్సిలరేటర్లనీ ప్రయోగాలనీ మెచ్చుకుంటూ ఆ వరసలోనే గ్రిడ్‌నీ చేర్చాడు. కొలైడర్ సొరంగం ఫొటోలు అందరం చూశాం. ఈ మూడో దాని పనితనం ఫొటోకి దొరకదు, దగ్గరికి వెళ్ళి చూడాలి.

అవసరం ఎంతటిదో ముందు చెప్పాలి. 27 కిలోమీటర్ల వలయంలో ప్రోటాన్ గుంపులు సెకనుకు 4 కోట్ల సార్లు ఎదురెదురుగా వచ్చి ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోతాయి. అందులో దాదాపు అంతా అక్కడికక్కడే వడగట్టి పారేసి, పెద్ద ప్రయోగాలు ఒక్కొక్కటీ సెకనుకు వెయ్యి నుంచి కొన్ని వేల దాకా మాత్రమే దాచుకుంటాయి. అలా మిగిలిందే ఏటా పదుల పెటాబైట్లు. ఒక పెటాబైట్ అంటే పది లక్షల గిగాబైట్లు. ఇంత సమాచారానికి సరిపడా యంత్రాలన్నీ ఒకేచోట పెట్టే స్తోమత సెర్న్‌కి లేదు. సభ్యదేశాల దగ్గర డబ్బుంది. కానీ ఏ ప్రభుత్వమైనా తన ప్రజల సొమ్మును తన ఊళ్ళో, తన విశ్వవిద్యాలయంలో, తన ఇంజనీర్ల చేతుల మీదుగా ఖర్చు పెట్టడానికే మొగ్గు చూపుతుంది. 1990ల చివర మోనార్క్ అనే అధ్యయనం చేసినవాళ్ళు ఈ స్వభావంతో పోట్లాడలేదు. దాన్నే పునాదిగా తీసుకున్నారు. 2001లో సెర్న్ పాలక మండలి పనికి అనుమతి ఇచ్చింది. లెస్ రాబర్ట్‌సన్ దాన్ని ముందుండి నడిపించాడు.

వాళ్ళు గీసిన మొదటి నమూనా చూస్తే మన గొలుసుకట్టు చెరువులు గుర్తొస్తాయి. పై చెరువు అలుగు దూకితే కింది చెరువు నిండుతుంది, దాని అలుగు దూకితే ఆ కిందిది. సెర్న్ సున్నా అంచె. దాని కింద కార్ల్స్‌రూహ్, లియాన్, బార్సిలోనా, షికాగో దగ్గరి ఫెర్మీల్యాబ్ వంటి ఒకటో అంచె కేంద్రాలు. వాటి కింద విశ్వవిద్యాలయాల రెండో అంచె. మన దేశంలో ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలోని సైక్లోట్రాన్ కేంద్రం రెండో అంచెలో ఉన్నాయి.

చెరువుల గొలుసు కట్టగానే కొలత పేచీ వస్తుంది. ఒక దేశం పదివేల ప్రాసెసర్లు ఇస్తానంటుంది, అవి ఐదేళ్ళ కిందటివి. ఇంకో దేశం ఆరువేలే అంటుంది, అవి నిన్న కొన్నవి. ఎవరు ఎక్కువ ఇచ్చినట్టు? ఊరికో సోల, ఊరికో మానిక ఉన్నప్పుడు ధాన్యం పంచుకోవడం ఎంత కష్టమో మన పెద్దలకు తెలుసు. గ్రిడ్‌వాళ్ళు హెప్‌స్పెక్ 06 అని ఒకే కుంచం చేసుకున్నారు. భౌతికశాస్త్రపు ప్రోగ్రాములతో నడకలో పోలిక ఉన్న కొన్ని ప్రోగ్రాములను ఏ యంత్రం ఎంత వేగంగా నడుపుతుందో చూసి దానికి విలువ కట్టేవారు. ఏ దేశమైనా రాబోయే ఏడాదికి ఇస్తానన్న మాటను ఆ కుంచంతోనే ఇచ్చేది. ప్రాసెసర్ల తీరు మారిపోయి ఆ కొలత నిజం చెప్పడం తగ్గాక, 2023లో అసలు ప్రయోగాల ప్రోగ్రాములతోనే హెప్‌స్కోర్ అనే కొత్త కుంచం తెచ్చారు.

నమ్మకం సంగతి ఇంతకంటే సున్నితమైనది. కోల్‌కతాలోని విద్యార్థిని ఎవరో లియాన్‌లోని యంత్రానికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఆమె ఎవరో మన దేశంలోని ధ్రువీకరణ సంస్థ చెబుతుంది. మనకు ఆ పని బెంగళూరులోని సీడాక్ సంస్థ చేసింది. ఆమె ఏ ప్రయోగానికి చెందినదో ఆ ప్రయోగం చెబుతుంది. ఆమె పంపే పనితో పాటు అసలు గుర్తింపు పత్రం ప్రయాణించదు. కొన్ని గంటలు మాత్రమే చెల్లే నకలు ఒకటి వెళుతుంది. అది దారిలో ఎవరి చేతికి చిక్కినా తెల్లారేసరికి చెల్లని కాగితం. ఇంటి తాళం ఇవ్వకుండా పని జరిపించే ఏర్పాటు ఇది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. మొదట్లో గ్రిడ్ ఎలా నడిచిందంటే, ప్రతి కేంద్రమూ తన దగ్గర ఎన్ని యంత్రాలు ఖాళీగా ఉన్నాయో చెప్పేది. ఆ మాట నమ్మి మధ్యవర్తి సాఫ్ట్‌వేర్ పనుల్ని అక్కడికి తోసేది. ఆ మాట ఒక్కోసారి పాతబడి ఉండేది, ఒక్కోసారి తప్పుగా ఉండేది. అంతకంటే ఘోరం, చెడిపోయిన యంత్రం. దాని డిస్కు నిండిపోయిందనుకోండి. వచ్చిన పని మొదలైన మరుక్షణమే చచ్చిపోతుంది. యంత్రం వెంటనే ఖాళీ. ఖాళీ కనుక క్యూలోంచి ఇంకో పని వస్తుంది, అదీ చస్తుంది. పక్కన ఆరోగ్యంగా ఉన్న యంత్రాలు గంటల తరబడి తలొక పని చేస్తుంటే, ఈ ఒక్కటీ వందల కొద్దీ మింగేస్తుంది. గ్రిడ్‌లో పనిచేసేవాళ్ళు దాన్ని బ్లాక్ హోల్ అనే పిలుస్తారు.

దీనికి ప్రయోగాల వాళ్ళు కనిపెట్టిన మందు పేరు పైలట్. కూలి పనికి వలస వెళ్ళే గుంపులో ముందు మేస్త్రి ఒక్కడే వెళ్ళి, తలదాచుకోను చోటుందా, తాగను నీళ్ళున్నాయా చూసుకుని, అప్పుడు మనుషుల్ని పిలిపిస్తాడు కదా. సరిగ్గా అదే. కేంద్రానికి మొదట పంపేది అసలు పనిని కాదు, చిన్న ప్రోగ్రామును. అది తన వంతు వచ్చి యంత్రం మీద కళ్ళు తెరవగానే చుట్టూ చూస్తుంది: డిస్కులో చోటెంత, మెమరీ ఎంత, కావలసిన సాఫ్ట్‌వేర్ కనిపిస్తోందా? ఏదైనా తేడా ఉంటే ఎవరికీ నష్టం చేయకుండా అక్కడే ముగిసిపోతుంది. అన్నీ కుదిరితే కేంద్ర పట్టికకు కబురు పెడుతుంది: నా దగ్గర ఇంత ఉంది, నాకు తగిన పని ఇవ్వు. అప్పుడే అసలు పని ఆ యంత్రానికి వస్తుంది. బ్లాక్ హోల్ ఇప్పుడూ ఉంటుంది, కానీ అది మింగేది పైలట్లనే. శాస్త్రవేత్త పని క్యూలో భద్రంగా ఉంటుంది. కేంద్రం చెప్పుకునే మాట మీద ఆధారపడడం మానేసి, అక్కడికి వెళ్ళి కళ్ళతో చూశాకే పని అప్పజెప్పడం. ఇంత చిన్న మార్పుతో ఎంత పెద్ద ఊరట!

పైలట్ వెతికే ఆ సాఫ్ట్‌వేర్ కథ ఇంకొకటి. ఒక్కో ప్రయోగం సాఫ్ట్‌వేర్ గిగాబైట్ల కొద్దీ ఉంటుంది, తరచూ మారుతుంది. 170 చోట్ల ప్రతిసారీ ఎక్కించాలంటే ఎక్కడో ఒకచోట సగంలో ఆగుతుంది, అక్కడ ఫలితం తప్పుతుంది. సెర్న్‌లో దీనికోసం సీవీఎంఎఫ్ఎస్ అనే ఫైల్ వ్యవస్థ కట్టారు. ఇందులో ఫైలుకు దాచిన చోట పేరు మనిషి పెట్టడు. లోపలి ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకుని ఒక పొడవాటి సంఖ్య పుట్టిస్తారు, అదే దాని పేరు. ఈ ఒక్క నిర్ణయంలోంచి అన్నీ వాటంతటవే వస్తాయి. రెండు విడుదలల్లో మారని ఫైలు ఒకే పేరుతో ఒకేసారి నిలవ ఉంటుంది. దారిలో ఒక్క బైటు చెడినా పేరు కుదరక దొరికిపోతుంది. ఒక పేరు కింద ఉన్నది ఎప్పటికీ మారదు కనుక మధ్యలో ఎవరు నకలు దాచుకున్నా అది పాతబడదు. అందుకే ప్రతి కేంద్రంలోనూ మామూలు వెబ్ పేజీల్ని దాచే సర్వరే దీనికీ సరిపోతుంది. యంత్రం నిజంగా తెరిచిన ఫైళ్ళు మాత్రమే దాని దగ్గరికి వస్తాయి, గిగాబైట్లన్నీ రానక్కర్లేదు. తాళంచెవి లాంటి ఒక ఆలోచన దొరికితే ఎన్ని గదులు తెరుచుకుంటాయో దీన్ని చూసి నేర్చుకోవచ్చు.

ఫైళ్ళ రవాణా పద్ధతి కూడా ఇంతే పొదుపు. బదిలీలు చేయించే సేవ సరుకును తాను మోయదు. ఈ గోదాము నుంచి ఆ గోదాముకు ఈ ఫైలు పంపుకోండి అని రెండు వైపులా చెప్పి, పక్కన నిలబడి చూస్తుంది. చేరాక ఆడ్లర్-32 అనే లెక్కను సరిచూస్తుంది. బైట్లను ఒక్కొక్కటే కలుపుకుంటూ పోయే మొత్తం ఒకటి, ఆ మొత్తాలనే మళ్ళీ కూడుతూ పోయేది ఇంకొకటి. రెండిటినీ 65,521 దాటకుండా చుట్టి, చివరికి ఎనిమిది అక్షరాల్లో రాస్తారు. పంపిన చోటి ఎనిమిది అక్షరాలూ చేరిన చోటి ఎనిమిది అక్షరాలూ ఒకటైతేనే ఫైలు చేరినట్టు. 2018కి ఇలా సెకనుకు 60 గిగాబైట్లకు పైగా ఖండాలు దాటాయి. ఏ ఫైలు ఎన్ని చోట్ల ఉండాలో చూసే రూసియో అనే సాఫ్ట్‌వేర్‌ను కొలైడర్ మీది అట్లాస్ ప్రయోగం వాళ్ళు రాశారు. డాన్ క్విక్సోట్ నవలలో సాంకో పాంజా గాడిద పేరు అది. జపాన్‌లోని బెల్ 2 ప్రయోగం కూడా తన సమాచారాన్ని ఇప్పుడు రూసియోకే అప్పజెప్పింది. ఆ ప్రయోగంలో ఐఐటీ హైదరాబాద్ భౌతికశాస్త్రవేత్తలు ఉన్నారు.

నిజానికి చెరువుల గొలుసు ఎక్కువకాలం అలాగే ఉండలేదు. నెట్‌వర్కులు అనుకున్నదానికంటే బాగా పనిచేశాయి. దాంతో ఏ కేంద్రం నుంచి ఏ కేంద్రానికైనా నేరుగా తీసుకునేలా అంచెల గట్లు తెంపేశారు. ఫైళ్ళ బదిలీకి పాత పద్ధతి తీసేసి మామూలు వెబ్ పద్ధతికి మారారు. సెర్న్‌లో టేపుల సాఫ్ట్‌వేర్ మొత్తం మార్చారు. బండి ఆపకుండానే చక్రాలు మార్చడం ఇది. ఎక్కడ ఏం జరుగుతోందో కళ్ళకు కట్టే గ్రిడ్‌వ్యూ అనే తొలినాళ్ళ పరికరాన్ని మన భాభా అణు పరిశోధన కేంద్రం ఇంజనీర్లు సెర్న్‌తో కలిసి రాశారు. ఇంత పెద్ద వ్యవస్థకు యజమాని లేడు. మాట ఇచ్చిన దేశాలూ, ఆ మాట నెరవేరిందో లేదో చూపించే లెక్కలూ, కలిసి కూర్చుని నిన్న ఎక్కడ ఏం ఆగిందో చెప్పుకునే మనుషులూ ఉన్నారు. ఆ సమావేశాలు మొదట్లో రోజూ జరిగేవి.

బొలోనియాలో నీళ్ళు తోడేశాక అక్కడివాళ్ళు మొదట చేయగలిగింది జాబితా రాయడం. తడిసిన టేపు నంబరు చెబితే చాలు, అందులో ఏ ఫైళ్ళున్నాయో, ప్రతి ఫైలుకూ రాసిపెట్టిన ఎనిమిది అక్షరాలు ఏవో, దాని రెండో ప్రతి ఏ దేశంలో ఉందో పట్టికల్లో దొరుకుతుంది. రెండో ప్రతి ఉన్నవాటిని మళ్ళీ రప్పించుకోవచ్చు. లేనివాటి కోసం తడిసిన టేపుల్ని ప్రయోగశాలకు పంపి, ఆరబెట్టి చదివించే ప్రయత్నాలు చేశారు. ఆ కేంద్రం తర్వాత అదే ఊళ్ళో, ఒకప్పటి పొగాకు ఫ్యాక్టరీ ఆవరణలో కట్టిన కొత్త చోటికి మారింది.