అంజూరకు తొలి మూడు వేసవులు

అంజూర కరువును తట్టుకునే చెట్టని పేరు. ఆ పేరు వేళ్లు పాదుకున్న చెట్టుకే చెల్లుతుంది, నిన్నమొన్న నాటిన మొక్కకు కాదు. లేత మొక్క వేళ్లు ఇంకా గుంత దాటి ఉండవు. పైన మాత్రం వెడల్పాటి ఆకులు పగలంతా నీటిని ఆవిరి చేస్తూనే ఉంటాయి. రాబడి తక్కువ, ఖర్చు ఎక్కువ ఉన్న కాపురంలా దాని బతుకు సాగుతుంది. ఈ లోటు పూడేదాకా, అంటే దాదాపు మూడు వేసవులు, మొక్కను నిలబెట్టుకోవడమే మెట్ట సీమల్లో అంజూర సేద్యానికి ఆయువుపట్టు.

మర్రి, రావి, మేడి చెట్లకు దగ్గరి చుట్టమైన అంజూర పశ్చిమాసియా, మధ్యధరా ప్రాంతాల నుంచి వచ్చింది. జోర్డాన్ లోయలోని గిల్గాల్ వద్ద దొరికిన సుమారు 11,400 ఏళ్ల నాటి అంజూర పండ్లు గింజ కట్టని రకానివని, కనుక వాటిని మనుషులే కొమ్మలు నాటి పెంచి ఉంటారని 2006లో పరిశోధకులు ప్రతిపాదించారు. దక్కనులో ఈ సాగుకు పేరున్న చోట్లు పుణె దగ్గరి పురందర్ తాలూకా, కర్ణాటకలోని బళ్లారి, దానిని ఆనుకున్న అనంతపురం. పురందర్ అంజూరకు 2016లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడ పూనా రకం, బళ్లారి వైపు డయానా రకం ఎక్కువ. టర్కీలో పేరుపొందిన స్మిర్నా జాతి అంజూర కాయ నిలవాలంటే ఒక చిన్న కందిరీగ పుప్పొడి మోసుకురావాలి. పూనా, డయానా రకాలకు ఆ అవసరం లేదు, పుప్పొడి అందకపోయినా కాయ నిలిచి పండుతుంది.

కొమ్మ నుంచి మొక్క

గింజ నుంచి మొలిచిన మొక్కకు తల్లి గుణాలు రావు కాబట్టి అంజూరను కొమ్మ ముక్కలతోనే పెంచుతారు. ఏడాది వయసున్న, చిటికెన వేలి లావు, కణుపులు దగ్గరగా ఉన్న ముదురు కొమ్మ ఇందుకు తగినది. 20 నుంచి 25 సెంటీమీటర్ల పొడవున, మూడు నాలుగు కణుపులు ఉండేలా కోస్తారు. కింది కోత కణుపుకు ఆనుకుని ఉండాలి, వేళ్లు అక్కడి నుంచే త్వరగా పుడతాయి. కోసినచోట కారే తెల్లటి పాలు చర్మానికి తగిలి, ఆపై ఎండ పడితే మంట, బొబ్బలు వస్తాయి. అందుకే చేతులకు తొడుగులు వేసుకుని పని చేయాలి.

చలి తగ్గుముఖం పట్టే జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఈ ముక్కలను మూడింట రెండు వంతులు మట్టిలో ఉండేలా సంచుల్లో గానీ మడుల్లో గానీ నాటుతారు. నారుమడి మట్టిలో నులిపురుగులు లేకుండా చూసుకోవడం చాలా ముఖ్యం. వేళ్లపై బొడిపెలు ఉన్న మొక్క ఎంత ఏపుగా కనిపించినా పొలంలోకి తీసుకురాకూడదు. అది మొదటి ఎండకే వాడుతుంది, పైగా పురుగును శాశ్వతంగా నేలకు అంటిస్తుంది. నీడలో పెరిగిన మొక్కలను నాటే ముందు రెండు మూడు వారాలపాటు కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేయాలి.

గుంత, నాటే అదను

వేసవిలోనే అన్ని వైపులా 60 సెంటీమీటర్ల గుంతలు తవ్వి ఎండనిస్తారు. వరుసలకూ మొక్కలకూ ఐదేసి మీటర్ల ఎడం ఇస్తే ఎకరాకు 160 మొక్కలు పడతాయి. ఎర్ర గరప నేలల్లో గుంత అడుగున గట్టి పొర తగిలితే గునపంతో పగలగొట్టాలి. లేకపోతే వేళ్లు ఆ గుంతలోనే చుట్టుకుపోతాయి. పైమట్టిలో 15 నుంచి 20 కిలోల చివికిన పశువుల ఎరువు, వేపపిండి, దొరికితే చెరువు మట్టి కలిపి గుంత నింపుతారు. చెరువు మట్టి గరప నేలలో తేమను పట్టి ఉంచుతుంది.

తొలకరికి నాటడం చాలాచోట్ల వాడుక. సగటున 550 మిల్లీమీటర్లే కురిసే అనంతపురంలో మాత్రం ఎక్కువ వాన సెప్టెంబరులో పడుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలులు విసురుగా వీస్తాయి. రామగిరి కొండల మీద గాలిమరలు వెలిసింది ఆ గాలుల బలంతోనే. గాలి ఉధృతి తగ్గాక, పుబ్బ, ఉత్తర కార్తెల్లో నాటిన మొక్కకు వాన తేమ, ఆపై చలికాలపు చల్లదనం కలిసివస్తాయి. వేసవి ముదిరేలోపు వేరు సాగడానికి ఐదారు నెలల వ్యవధి దొరుకుతుంది. మొక్కను సంచిలో ఉన్నదానికన్నా ఒక కణుపు లోతుగా నాటడం మంచిది. పైభాగం ఎండకు మాడిపోయినా మట్టిలోని కణుపు నుంచి కొత్త పిలక లేస్తుంది.

నీరు పెట్టే తీరు

రోజూ పైపైన తడిపితే వేళ్లు పైపొరలోనే ఉండిపోయి, ఒక్కరోజు నీరు తప్పినా మొక్క సొమ్మసిల్లుతుంది. తొలి వారాల్లో తరచుగా, తర్వాత తడికీ తడికీ మధ్య ఎడం పెంచుతూ, పెట్టినప్పుడు లోతుగా తడిసేలా పెట్టడమే వేరుకు శిక్షణ. డ్రిప్ ఉన్నచోట మొక్క పెరిగేకొద్దీ నీటి బొట్టు పడే చోటును మొదలుకు దూరంగా జరపాలి, తేమను వెతుక్కుంటూ వేళ్లు అటు సాగుతాయి.

డ్రిప్ లేనిచోట కుండ పద్ధతి నేటికీ సాటిలేనిది. కాల్చిన మట్టికుండను మొక్కకు అడుగు దూరంలో మెడవరకు పాతి, నీరు నింపి, మూత పెడతారు. చుట్టూ మట్టి ఆరినకొద్దీ కుండ గోడల్లోంచి నీటిని పీల్చుకుంటుంది. మట్టి తడిగా ఉంటే ఊట తగ్గుతుంది. అందువల్ల వృథా అయ్యే నీరు చాలా తక్కువ. ఉప్పు నీరు వాడితే మాత్రం కుండ రంధ్రాలు క్రమంగా పూడుకుపోతాయి.

పాదులో వేరుశనగ పొట్టు, ఎండుగడ్డి, ఆకులు నాలుగు వేళ్ల మందాన పరిస్తే తేమ నిలుస్తుంది, వేళ్లున్న పొర చల్లగా ఉంటుంది. ఎర్ర నేలల్లో చెదల బెడద ఎక్కువ కనుక ఈ కప్పును కాండానికి జానెడు దూరంలో ఆపాలి. మధ్యాహ్నం ఆకులు వాలి సాయంత్రానికి తేరుకుంటే భయం లేదు. తెల్లవారుజామున కూడా వాలి ఉంటే వెంటనే నీరు అందించాలి. ఎండ దెబ్బకు ఆకులన్నీ రాల్చిన మొక్క చచ్చిందని పీకేయకూడదు. బెరడును గోటితో గీరి చూస్తే లోపల పచ్చగా ఉన్నంతవరకు అది మళ్లీ చిగురిస్తుంది.

బెరడు, గాలి, రూపు

లేత అంజూర బెరడు పలచన. పడమటి ఎండ నేరుగా తగిలితే అది పగులుతుంది, ఆ పగుళ్ల దగ్గర కాండం తొలుచు పురుగు గుడ్లు పెడుతుంది. వేసవికి ముందే మొదలుకు తెల్ల సున్నం పూస్తే ఎండ తిప్పికొట్టినట్టవుతుంది. పడమర, దక్షిణ దిక్కుల్లో కొబ్బరి మట్టలో తాటాకులో నిలబెట్టి, రోహిణి కార్తె దాటి వానలు పడ్డాక తీసేస్తారు. కాండం నుంచి రంపపు పొట్టు రాలుతుంటే పురుగు చేరినట్టే. రంధ్రంలోకి తీగ పోనిచ్చి పురుగును తీసి, బంకమట్టితో మూయాలి. గాలి వైపు ఊతకర్ర పాతి మొక్కను వదులుగా కడతారు.

రెండడుగుల ఎత్తులో తల తుంచి, నలుదిక్కులా మూడు నాలుగు కొమ్మలు పోనిస్తే చెట్టు పొట్టిగా, గుబురుగా ఎదిగి తన మొదలుకు తానే నీడ పడుతుంది. మొదటి ఏడాది వచ్చే పిందెలను తీసేయాలి, ఆ బలం వేళ్లకు చేరాలి. నత్రజని ఎరువు అతిగా వేస్తే లేత ఆకు పెరిగి నీటి అవసరం ఇంకా పెరుగుతుంది.

ఈ శ్రమకు ఫలం

మూడో ఏటి నుంచి చెట్టు కాపుకొస్తుంది. కాయ ప్రధానంగా ఆ ఏడు వేసిన కొత్త కొమ్మల మీదే పడుతుంది కాబట్టి ఏటా కత్తిరింపు తప్పదు. చెట్టున పండిన అంజూర రెండు రోజులకు మించి నిలవదు, అందుకే తోట పట్టణానికి దగ్గరగా ఉండటం లాభం. బోర్లు ఎండి చీనీ తోటలు నిలువునా మాడిన అనుభవం అనంతపురానిది. అలాంటి సీమలో కొద్ది నీటితో నిలదొక్కుకుని, ఎండు కాలంలో ఆకు రాల్చి ప్రాణం కాపాడుకునే చెట్టు విలువైన ఆసరా. కాకపోతే తోట విస్తీర్ణాన్ని వానాకాలపు నీటిని చూసి నిర్ణయించకూడదు. మే నెలలో బోరు ఎన్ని మొక్కలకు నీరివ్వగలదో అన్నే నాటాలి. వంద మొక్కలు సగం తడుపుకుని పోగొట్టుకోవడం కన్నా నలభై మొక్కలను నిండుగా తడిపి మూడు వేసవులు దాటించడమే మెట్ట రైతుకు నిలిచే సంపద.